జీతం గీసిన గీత

మన బడులలో చరిత్ర చెప్పే తీరు ఒకటి స్థిరపడిపోయినది. ఏ రాజు ఏ రాజును ఏ సంవత్సరంలో ఏ రణక్షేత్రంలో ఓడించినాడో పిల్లలచేత వల్లె వేయిస్తాము. సేనాపతుల శౌర్యాన్ని వర్ణిస్తాము. ఏనుగులను, గుఱ్ఱాలను లెక్కిస్తాము. కాని ఆ సేనలో నిలిచిన మనిషికి నెలకు జీతమెంత, దానిని ఎవరిచ్చినారు, ఇచ్చిన సొమ్ము ఏ ఊరి కల్లంనుండి వచ్చినది అనే ప్రశ్న మనకు తోచదు. తోచినా, వీరగాథ నడుమ జమాఖర్చుల గొడవ ఎందుకని దాటిపోతాము. నా మనవి ఏమనగా, తెలుగుదేశపు గడచిన రెండున్నర శతాబ్దాల చరిత్రకు తాళపుచెవి ఆ జమాఖర్చులలోనే ఉన్నది. సర్కారు జిల్లాలనీ, దత్తమండలాలనీ, నిజాం తెలంగాణమనీ తెలుగువారిని మూడు ముక్కలుగా విడదీసిన గీతలు భాష గీసినవి కావు; ప్రజలు కోరి గీసుకొన్నవీ కావు. కూలికి వచ్చిన సైన్యాల జీతపు బాకీలు గీసినవి.

ఈ మాట నమ్మశక్యం కానివారు వీరులపాడు వైపు వచ్చి ఒకసారి నిలబడి చూడవచ్చును. చిరకాలం కృష్ణా జిల్లా మెట్టసీమలో భాగమై ఉండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ప్రాంతమిది. ఆగ్నేయాన కొండపల్లి కోట. పడమటి దిక్కున నందిగామ, జగ్గయ్యపేట. ఉత్తరాన కొద్ది క్రోసుల దూరంలో మధిర. ఈ పక్క రైతూ ఆ పక్క రైతూ ఒకే తెలుగు మాట్లాడుతారు. ఒకే మిరప, ఒకే పత్తి పండిస్తారు. ఒకరి ఇంటి పిల్లను మరొకరు కోడలిగా తెచ్చుకొంటారు. అయినప్పటికీ 18వ శతాబ్దపు ఉత్తరార్ధంనుండి ఇటు కంపెనీ సర్కారు, అటు నిజాం సర్కారు. కాలక్రమాన ఇటు పెద్ద చదువులకు ఇంగ్లీషు, అటు పెద్ద చదువులకు ఉర్దూ. 1947–48లో రజాకార్ల దౌర్జన్యానికి తాళలేక ఎన్నో కుటుంబాలు ఈ గీత దాటివచ్చి ఇటు ఊళ్ళలో తల దాచుకొన్నవి. 1956 నవంబరు 1న ఈ గీత చెరిగినట్లే చెరిగి జిల్లాల హద్దుగా మిగిలినది. 2014 జూన్ 2న తిరిగి రాష్ట్రాల హద్దు అయినది. దీని మూలం వెదకుతూ పోతే 1753వ సంవత్సరం చేరుతాము. అక్కడ కనబడేది మహాయుద్ధం కాదు. ఒక ఫ్రెంచి సేనాని సైన్యానికి చెల్లవలసిన జీతం.

కూలిసేనను పిలిచినవాడు నేలతో వెల చెల్లించుట మన దేశానికే కలిగిన విపత్తు కాదు. మధ్యయుగపు ఐరోపా చరిత్ర ఆ కథతోనే తెర తీస్తుంది. రోమను సేనలు బ్రిటన్ ద్వీపాన్ని విడిచిపోయిన పిదప, ఉత్తరపు శత్రువులను తట్టుకోలేక అక్కడి పాలకుడొకడు సముద్రానికి ఆవలినుండి సాక్సనులను పిలిపించుకొన్నాడని 6వ శతాబ్దపు మతగురువు గిల్డాస్ వ్రాసినాడు. మూడు ఓడలలో వచ్చిన వారికి నెలనెలా గ్రాసం కొలిచి ఇచ్చినారు. కొంతకాలానికి ఆ కొలత చాలదన్నారు. పెంచకపోతే ఒప్పందం చెల్లదన్నారు. తుదకు దేశాన్నే కొల్లగొట్టినారు. ఈ కథలోని వివరాలన్నిటినీ నేటి చరిత్రకారులు అంగీకరించరు. అయితే ఇందులోని క్రమం గమనింపదగినది. మొదట ఆహ్వానం, పిదప జీతం, ఆపైన బాకీ, చివరకు భూమి.

11వ శతాబ్దంలో దక్షిణ ఇటలీలో జరిగినది సందేహానికి తావులేని చరిత్ర. అక్కడి చిన్న ప్రభువులు తమలో తాము పోరాడుకొంటూ నార్మను రౌతులను కూలికి పెట్టుకొన్నారు. నేపుల్సు ప్రభువు నాలుగవ సెర్జియస్ 1030లో రైనుల్ఫ్ అనే నార్మను నాయకునికి అవెర్సా అనే చోటును సేవకు ప్రతిఫలంగా ఇచ్చినాడు. నార్మనులకు ఆ దేశంలో కాలు మోపుటకు చోటు దొరికినది. 1053లో వారు పోపు సైన్యాన్నే ఓడించి పోపును బందీ చేసినారు. 1130లో వారి వంశీయుడొకడు సిసిలీ రాజుగా కిరీటం ధరించినాడు. కూలికి వచ్చినవాడు రాజగుటకు సరిగా నూరేండ్లు పట్టినది. మన దేశంలో అంతకాలం కూడ పట్టలేదు.

1748లో మొదటి నిజాం మరణించినాడు. కుమారులకూ దౌహిత్రునికీ నడుమ వారసత్వపు పోరు చెలరేగినది. దౌహిత్రుడు ముజఫర్ జంగు ఫ్రెంచివారి అండతో గద్దెనెక్కి, 1751లో రాయలసీమ దారిలో హతుడైనాడు. వెంట ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ అప్పటికప్పుడు సలాబత్ జంగును గద్దెనెక్కించినాడు. అతనివద్ద ఉన్నది కొన్ని వందల ఫ్రెంచివారు, కొన్ని వేల సిపాయిలు మాత్రమే. కాని వారు కవాతు నేర్చినవారు, ఫిరంగి నడపగలవారు, నాయకుని మాటమీద ఒక్కటిగా కదిలేవారు. వారు లేనిదే నవాబుకు గద్దె లేదు. వారికి నెలనెలా జీతం లేనిదే వారు లేరు. ఖజానా చూడబోతే ఖాళీ. దివాను సయ్యద్ లష్కర్ ఖాన్ ఈ పరదేశి సైన్యాన్ని వదిలించుకొన దలచి, బుస్సీ జబ్బుపడి మచిలీపట్టణంలో ఉన్న సమయాన జీతాలు బిగబట్టినాడు. బుస్సీ తిరిగి వచ్చి, 1753 చివర ఔరంగాబాదులో లెక్క తేల్చుకొన్నాడు. జీతానికై ఎదురుచూచుట మాని, జీతం పండే నేలనే అడిగినాడు. ముస్తఫానగరమనే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు నాలుగూ సైన్యపు ఖర్చులకై అతని వశమైనవి. నందిగామ ప్రాంతమంతా ఆ కొండపల్లి సర్కారులోనిదే. అనగా ఇక్కడి రైతు కల్లంలో కొలిచిన రాజభాగం ఎక్కడో ఔరంగాబాదులో కాపలా కాసే సిపాయి జీతమైనది. రైతుతో ఎవరూ ఒక మాట చెప్పలేదు. అడగవలసిన అగత్యమూ ఎవరికీ కనిపించలేదు.

బొబ్బిలి యుద్ధాన్ని మనం కంటనీరు పెట్టుకొంటూ పాడుకొంటాము. రంగారావు పౌరుషమూ, తాండ్ర పాపారాయని ప్రతీకారమూ మన రక్తంలో కలిసిపోయినవి. ఆ అభిమానం తప్పు కాదు. కాని 1757 జనవరి 24న బొబ్బిలి కోటముందు బుస్సీ ఫిరంగులు ఎందుకు నిలిచినవని ఎంతమందిమి అడిగినాము? విజయరామరాజు పగ ఒక కారణం. ఆ పగకు ఫిరంగులు దొరకుటకు కారణం వేరు. సర్కారుల శిస్తు వసూలు చేసుకొని సైన్యానికి బత్తెమిచ్చుకొనుటకు బుస్సీ ఆ సీమకు వచ్చినాడు. విజయరామరాజు అతనికి చేదోడు అయినాడు. ఇద్దరు తెలుగు ప్రభువుల తగవులోకి ఫ్రెంచి ఫిరంగిని లాగుకొని వచ్చినది జీతపు పద్దు.

ఆ తరువాతి ఘట్టం మరింత విచిత్రమైనది. విజయనగరం ఆనందగజపతి 1758లో ఫ్రెంచివారిని వెళ్ళగొట్టుటకు బెంగాలునుండి ఇంగ్లీషువారిని పిలిచినాడు. ఒక కూలిసేనను వదిలించుకొనుటకు మరొక కూలిసేన! కర్నల్ ఫోర్డు వచ్చి డిసెంబరులో చందుర్తివద్ద ఫ్రెంచివారిని ఓడించినాడు. రాజు ఇస్తానన్న ఖర్చు చేతికి రాక, గెలిచిన సైన్యం వారాల తరబడి ముందుకు సాగలేదు. మచిలీపట్టణం ముట్టడిలో ఫోర్డుయొక్క తెల్లసోల్జర్లే సొమ్ముకై ఆయుధాలు పట్టి ఎదురు తిరిగినారు. కోట చిక్కితే కొల్లసొమ్ము ముట్టజెప్పిస్తానని నచ్చజెప్పి వారిని నిలుపుకోవలసి వచ్చినది. 1759 ఏప్రిలులో కోట చిక్కినది; సర్కారులలో ఫ్రెంచివారి కథ ముగిసినది; ఇంగ్లీషువారి కథ మొదలైనది. యజమాని మారినాడే గాని ఏర్పాటు మారలేదు.

తదుపరి సంవత్సరాలను వరుసగా చదువుకొంటే చాలును, వ్యాఖ్యానం అక్కరలేదు. 1766 నవంబరు 12న హైదరాబాదు సంధి జరిగినది. అవసరమైనప్పుడు నిజాముకు కంపెనీ సైన్యం సాయపడాలి; అవసరం లేని ఏడు 9 లక్షల రూపాయలు చెల్లించాలి; అందుకు ప్రతిఫలం ఉత్తర సర్కారులు. 1798లో మరొక సంధి. కంపెనీ సిపాయి పటాలాలు ఆరింటిని హైదరాబాదు రాజ్యంలో నిలుపుకొని ఏటా 24 లక్షల రూపాయలకు పైగా ఇవ్వాలి. 1800లో ఆ రొక్కానికి బదులు బళ్ళారి, కడప, అనంతపుర సీమలు కంపెనీ పాలైనవి. అవే దత్తమండలాలు, 1928లో నంద్యాలలో రాయలసీమ అనే పేరు పొందినవి. 1823లో సర్కారులకై ఏటా రావలసిన పేష్కషు హక్కును కూడ నిజాం ఒక్కసారిగా రొక్కానికి వదలుకొన్నాడు; సైన్యపు జీతాలకై పామరు కంపెనీవద్ద చేసిన అప్పు ఆ రొక్కాన్ని మ్రింగినది. 1853లో కంటింజెంటు సైన్యపు బాకీక్రింద బేరారు సీమ పోయినది. ఒక శతాబ్దంలో కోస్తా పోయినది, రాయలసీమ పోయినది, బేరారు పోయినది. ఈ మూడింటిలో ఏదీ నిజాం యుద్ధంలో ఓడిపోయి ఇచ్చినది కాదు. అన్నీ తన పక్షాన పోరాడుటకు వచ్చినవారి జీతానికే ఇచ్చినాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. జీతం తీసుకోని సైనికుడు ఏ కాలంలో ఉన్నాడు? కాకతీయుల నాయంకరంలో నాయకునికి గ్రామాలిచ్చి అతనిచేత బలగాన్ని పోషింపజేసినారు. విజయనగర ప్రభువులకు అమరనాయకుల బలాలతోపాటు రొక్కపు జీతంమీద నిలిచే కైజీతసైన్యం ఉండేది. పరదేశీయులను కొలువులో పెట్టుకొనుట కూడ కొత్త కాదు. రెండవ దేవరాయలు తన సేనలో ముస్లిము విలుకాండ్రను, రౌతులను చేర్చుకొన్నాడు. మరి బుస్సీ సైన్యంలో వేరైన దోషమేమి?

భేదం ఉన్నది. జీతం పుచ్చుకొనుట దోషం కాదు. పరదేశీయుడగుటా దోషం కాదు. జీతమిచ్చే చేయి ఒకటై, ఆజ్ఞ ఇచ్చే నోరు మరొకటి అగుట దోషం. కైజీతపు భటుడు రాజు చేతినుండి జీతం పుచ్చుకొని రాజు ఆజ్ఞకే లోబడినాడు. బుస్సీ సిపాయి జీతానికి మూలం నవాబు రాజ్యమే అయినా, వాని కండ్లు బుస్సీని చూచినవి. బుస్సీ కండ్లు పుదుచ్చేరిని చూచినవి. కంపెనీ సిపాయి జీతానికి నిజాం సీమలు ఇచ్చినాడు. ఆజ్ఞ మాత్రం మద్రాసునుండి, కలకత్తానుండి వచ్చినది. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి రెండవ బాసిల్ 988లో రష్యా దేశంనుండి ఆరువేల మంది వరంగియనులను తెప్పించుకొన్నాడు. వారు పరదేశీయులు, వారి మతమూ భాషా వేరు. అయితే వారికి చక్రవర్తికి మించిన యజమాని ఆ నగరంలో లేడు. అందువలననే వారి దళం శతాబ్దాల తరబడి సింహాసనానికి నమ్మకమైన అంగరక్షగా నిలిచినది. మన దేశంలోనూ ఇబ్రహీంఖాన్ గార్దీ ఉన్నాడు. బుస్సీ సైన్యంలో విద్య నేర్చి, నిజాం అలీని కొలిచి, పిమ్మట పీష్వా కొలువులో చేరినవాడు. 1761 జనవరి 14న పానిపట్టులో మహారాష్ట్ర సేన చెదిరిపోతున్నా నిలిచి పోరాడి, శత్రువులకు చిక్కి ప్రాణం విడిచినాడు. కూలివానికి విశ్వాసం ఉండదనే మాట చరిత్రకు నిలువదు.

కనుక ఈ వ్యాసం కూలిభటుని నిందించుటకు వ్రాసినది కాదు. ఆ భటుడు ఎవరనుకొన్నారు? చాలామటుకు మనవాడే. కంపెనీ దక్షిణాదిలో కూర్చిన తొలి పటాలాలలో తెలుగువారు విశేషంగా ఉండినందున, ఉత్తరదేశంలో కంపెనీ సిపాయికి ‘తెలింగా’ అనే పేరు స్థిరపడినది. 1756లో క్లైవు మద్రాసునుండి ఓడలెక్కించుకొని బెంగాలుకు పోయిన సిపాయిలు ఈ కోవలోనివారే. మరుసటి ఏడు ప్లాసీలో నిలిచినదీ వారే. ఆ పేరు ఎంత గట్టిదంటే, 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన సిపాయిలను ఆ నగరపు ఉర్దూ రచయితలు తెలింగాలనే వ్రాసినారు. ఆ సిపాయిలు చాలావరకు అయోధ్య, బీహారు ప్రాంతాలవారు. అప్పటికి వారి నెలజీతం 7 రూపాయలు. ఒక జాతి పేరు మరొక దేశంలో జీతపు సిపాయికి మారుపేరగుట గర్వకారణమా, సిగ్గుకారణమా అని అడిగితే, రెండూ కాదని నా అభిప్రాయం. అది కరవుకూ, కొలువుకూ గుర్తు. శిస్తు కట్టి మిగిలినది చాలక పొలం విడిచిన రైతుబిడ్డ సిపాయి అయినాడు. సిపాయి అయి మరొక రైతునుండి శిస్తు వసూలు చేయుటకు తుపాకి పట్టినాడు. ఇంతకుమించిన విషాదం బొబ్బిలి కథలో కూడ లేదు.

ఆ సిపాయి మూగజీవి కూడ కాదు. 1780 అక్టోబరులో విశాఖపట్టణంలోని సిపాయిలను హైదరలీతో యుద్ధానికై ఓడలెక్కి మద్రాసు పొమ్మన్నప్పుడు వారు తిరుగబడినారు. కొందరు ఆంగ్లేయులు హతులైనారు. 1798లో హైదరాబాదులో, ఫ్రెంచి సేనాని రేమండు మరణించిన కొద్ది నెలలకు, అతడు పెంచిన సైన్యాన్ని కంపెనీవారు రద్దు చేయించిన సమయాన, సిపాయిలు బాకీ జీతాలకై తమ అధికారులనే నిర్బంధించినారు. రాజ్యాల ఒప్పందాలలో సిపాయికి చోటు లేదు. తన జీతపు బాకీ ఒక్కటే అతనికి తెలిసిన సంధిపత్రం.

ఈ చరిత్ర మన నాలుకమీద ఇంకా నిలిచి ఉన్నది. ఆఫీసు ఉద్యోగులను మనం ‘సిబ్బంది’ అంటున్నాము. శిస్తు వసూలుకు జమీందారులు, సర్కారులు పోషించిన సాయుధ బలగానికి ఒకప్పటి పేరది. చింతపల్లినుండి ఈ సీమను ఏలి, తండ్రి జగ్గయ్య పేర జగ్గయ్యపేటను నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు మొదలైన వారందరూ అటువంటి సిబ్బందిని పోషించినవారే. కంపెనీ ఆ బలగాలను క్రమంగా రద్దు చేయించినది. 1802 నాటి పర్మనెంటు సెటిల్‌మెంటుతో జమీందారు శిస్తు కట్టే మధ్యవర్తిగా మిగిలినాడు. సిబ్బంది కచేరీలో కాగితాలు మోసేవారికి పేరైనది. బంటు బంట్రోతు అయినాడు. హైదరాబాదులో నిజాం కొలువుకు హద్రమౌతునుండి వచ్చిన అరబ్బు భటుల బ్యారక్కులు నేడు ‘బార్కస్’ అనే పేటగా నిలిచినవి. కత్తులు పోయినవి, మాటలు మిగిలినవి. పిల్లలకు ఈ మాటలు చూపి పాఠం మొదలుపెడితే చరిత్ర వారి ఇంటిదాకా వస్తుంది.

బుస్సీ రాకపోతే మరాఠాలు హైదరాబాదును మ్రింగివేసేవారు గదా, సలాబత్ జంగుకు వేరే దారి ఏదని కొందరు అంటారు. ఆపదలో ఉన్నవాడు వెల చూడడు, నిజమే. అయితే ఆ వెల చెల్లించినది సలాబత్ జంగు కాదు. ఆయన గద్దె దక్కించుకొన్న సంధికి హామీగా నిలిచినది కొండపల్లి సర్కారు రైతు. పాలకుని భయానికి ప్రజల భూమి తాకట్టు పడుటను ‘వేరే దారి లేదు’ అనే మాటతో సమర్థించితే, ఇక ఏ తాకట్టునైనా సమర్థింపవచ్చును.

ఇది గతించిన కాలపు ముచ్చట అనుకొనుటకూ వీలులేదు. 2024లో సహాయకుల ఉద్యోగాలని దళారులు చెప్పిన మాటలు నమ్మి రష్యాకు పోయిన భారతీయ యువకులు ఉక్రెయిను యుద్ధరంగానికి చేరినారు. వారిలో హైదరాబాదు యువకుడు ఒకరు ప్రాణం కోల్పోయినారు. తెలింగా కాలంనుండి నేటివరకు ఓడకు బదులు విమానం వచ్చినది. జీతపు ఆశ చూపి పేదవాని బిడ్డను పరుల యుద్ధంలో నిలబెట్టే వ్యాపారం మాత్రం మూతపడలేదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఈ సీమలోని పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు లక్ష్మణరావు, తెలుగువారి చరిత్రను తెలుగులో, ఆధారాలు పరీక్షించి వ్రాయాలని మనకు నేర్పినవాడు. ఆయన చూపిన దారిలో మరొక అడుగు వేయండి. తెలుగుదేశపు పటాన్ని తరగతిలో గీయించినప్పుడు ప్రతి గీతపైనా సంవత్సరంతోపాటు దానికి కారణమైన జీతాన్ని కూడ వ్రాయించండి. బొబ్బిలి పాఠం ముగించిన పిదప, ఆ ఫిరంగులకు సొమ్ము ఏ సర్కారులనుండి వచ్చినదని అడగండి. దానివలన వీరుల కీర్తికి లోటు రాదు. ఎవరి కష్టార్జితంతో ఎవరు పోరాడినారు, ఎవరి ఆజ్ఞపై పోరాడినారు అని అడుగ నేర్చిన విద్యార్థి రేపు పౌరుడైనప్పుడు, తన పేర ఎవరైనా ఏదైనా తాకట్టు పెట్టబోతే ముందుగా ఆ పత్రాన్ని చదివి చూస్తాడు. 1753లో ఇక్కడి రైతుకు ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.